మంద బర్గర్ ఎవరిది

పోయిన వారం కథలో జానమ్మను సూర్యాపేట బస్టాండులో కోదాడ బస్సు ఎక్కించి వదిలేశాం. పక్కన కూతురు రూప ఉంది. ఒళ్ళో సంచి ఉంది. మనసు నిండా కోపం ఉంది. పన్నెండేళ్ళుగా సర్వీసు రోడ్డు పక్కన నిలబడ్డ ఆమె తిండి బండిని రోడ్డు వెడల్పు చేయాలని తీయించి నాలుగు నెలలు దాటింది. ఆ నాలుగు నెలల్లో ఆమె తిరగని సందు లేదు, అడగని మనిషి లేడు. నాలుగు చక్రాలు నిలుపుకోవడానికి ఎక్కడా జాగా దొరకలేదు.

ఇక మిగిలింది శ్యాంసుందర్ మాట. హైవే మీద పెద్ద హోటలు కడుతున్న హైదరాబాదు కంపెనీ మనిషి అతను. జానమ్మ అమ్మే మంద బర్గర్ తిని, మా హోటల్లో నీకొక కౌంటరు ఇస్తామమ్మా అన్నాడు. కాకపోతే దాన్ని మొట్టమొదట చేసిన మనిషినే ఆ కౌంటరు వెనక నిలబెడతారట. గోడ మీద ఆ మనిషి బొమ్మ, కింద ఆ బర్గర్ పుట్టిన కథ ఉంటాయట. అంతా బాగానే ఉందనుకునే లోపల, కోదాడలో సువార్తమ్మ అనే ఆమె అదే పేరుతో అదే సరుకు అమ్ముతోందని అతనికి తెలిసింది. ఒక బర్గర్‌ను ఇద్దరు మొదట చేయలేరు కదా. శనివారం మధ్యాహ్నం ఒంటి గంటకు ఫోన్ చేస్తాను, అప్పటికి ఏదో ఒకటి తేల్చండి అన్నాడు. ఆ శనివారం ఇదే.

బస్సు మునగాల దాటింది. జానమ్మ కిటికీ చువ్వ పట్టుకుని కూర్చుంది. సువార్తమ్మను ఏమని కడిగేయాలో లోపల్లోపల వల్లె వేసుకుంటోంది. రూప ప్రైవేటు బడిలో టీచరు. సెలవు పెట్టి వచ్చింది. తల్లి దవడలు బిగిసి ఉండటం చూసి, ఏదో ఒకటి మాట్లాడించాలని ఫోన్‌లో చదివింది చెప్పడం మొదలుపెట్టింది.

"అమ్మా, గీ లొల్లి మనతోని మొదలు కాలే. బర్గర్ పుట్టిన కాడికెల్లి గిదే లొల్లంట."

"యాడ పుట్టింది?"

"గదే ఎవలికీ తెల్వది. ఎన్కట గుర్రాల మీద మందలు తోలుకుంట తిరిగేటోళ్ళు ముదురు మాంసాన్ని జీను కింద పెట్టి మెత్తగ చేసుకునేటోళ్ళని ఒక కథ. అది ఒట్టి కథనే అని కూడ రాసిండ్రు. జర్మనీల హాంబర్గ్ అని ఓడలు ఆగే ఊరుంది. ఆ ఊరి పేరే దీనికొచ్చింది. గా ఊరి జనం ఓడలెక్కి అమెరికా పోతే, ఆళ్ళతోని కైమా బిళ్ళ గూడ పోయింది."

"మరి రొట్టెల పెట్టిందెవలు?"

"గాడనే కొట్లాట. ఒకాయన జాతరల కైమా ఉండలు అమ్మిండంట. నడుసుకుంట తినొస్తలేదని జనం అంటే, అదిమి రొట్టెల పెట్టిచ్చిండంట. గాయన కాదు, మేమని ఇంకో ఊరోళ్ళు. ఆళ్ళు గాదు మేమని ఇంకోళ్ళు. నూరేండ్లు దాటినా తేలలే."

"తేలకపోతే ఏమైంది?"

"ఏం గాలే. దునియా మొత్తం తింటనే ఉన్నది."

రోడ్డు పక్కన కోసిన వరి చేలు వెనక్కి పోతున్నాయి.

"ఆళ్ళకు నూరేండ్లున్నయి బిడ్డా. నాకు ఒంటిగంట దాకనే ఉన్నది," అంది.

మంద బర్గర్‌కు మాత్రం ఎవరి చేయి అన్న పట్టింపు లేదు. బన్ను, అందులో కత్తితో సన్నగా కొట్టి పెనం మీద కాల్చిన గొర్రె మాంసం బిళ్ళ, దాని కింద మగ్గిన ఉల్లిగడ్డ. సూర్యాపేట మార్కెట్‌కు మిర్చి బస్తాలు తెచ్చిన రైతు ఒక చేత్తో తింటాడు, రెండో చేయి బస్తా మీదే ఉంటుంది. మిర్యాలగూడలో దీప్లా అనే అతను రైసుమిల్లుల ముందు ఇదే అమ్ముతాడు. జానమ్మ దగ్గర నేర్చుకున్నానని అందరికీ చెప్పి మరీ అమ్ముతాడు. అక్కడి హమాలీలకు మధ్యాహ్నం కడుపులో రెండు పడితే సాయంత్రం దాకా ఆకలి గుర్తుకురాదు. సూర్యాపేటలో జానమ్మ బండి పోయిన నెలలోపే మరో ముగ్గురు అవే బిళ్ళలు కాల్చడం మొదలుపెట్టారు. మనిషి రోడ్డున పడ్డా తిండి మాత్రం చక్కగా నడుస్తోంది. జానమ్మకు మంట అక్కడే.

పన్నెండు దాటాక కోదాడలో దిగారు. ఖమ్మం రోడ్డు మలుపు దగ్గర జనం మూగి ఉన్నారు. వేరే ఎవరినీ అడగక్కర్లేకపోయింది, వాసనే దారి చూపింది. కాలేజీ ఆడపిల్లలు, లారీ డ్రైవర్లు, మెడలో తాళ్ళకు గుర్తింపు కార్డులు వేలాడేసుకున్న బ్యాంకు వాళ్ళు వరసలో నిలబడ్డారు. వాళ్ళ మధ్య, కళ్ళద్దాల కాడ విరిగితే దారంతో కట్టుకున్న ఒక సన్నటి మనిషి తల వంచుకుని పని చేసుకుంటోంది. అరవై దాటి ఉంటాయి. చింత మొద్దు మీద రెండు కత్తులతో కైమా కొడుతోంది. మిషను లేదు.

జానమ్మ ముందుకు వెళ్ళబోయి ఆగింది. ఆమె చూపు ఆ చేతి మీద పడింది.

సువార్తమ్మ కైమాను గుప్పిట్లోకి తీసుకుంది, రెండు అరచేతుల మధ్య అదిమింది. పెనం మీద ముందు ఉల్లిగడ్డ చక్రాలు పరిచింది, వాటి మీద బిళ్ళ పెట్టింది. పెట్టి, బొటనవేలితో నడిమధ్యన చిన్న గుంట నొక్కింది. అలా నొక్కితే బిళ్ళ మధ్యలో ఉబ్బదు, అంచులూ నడుమా ఒకేలా ఉడుకుతాయి. ఆ సంగతి జానమ్మకు తెలుసు. ఆమె బొటనవేలికి పన్నెండేళ్ళుగా అదే పని. దీప్లాకు ఎన్నిసార్లు చూపినా ఆ గుంట పెట్టడం మరిచిపోతాడు. ఇక్కడ ఈ ముసలామె మరిచిపోకుండా, చూడకుండా, కస్టమరుతో మాట్లాడుతూనే నొక్కుతోంది.

జానమ్మకు బస్సులో వల్లె వేసుకున్న మాటలు సగం ఎగిరిపోయాయి.

"నువ్వేనా సువార్తమ్మవు?"

ఆమె తలెత్తి చూసింది. గుర్తుపట్టడానికి ఎంతోసేపు పట్టలేదు.

"నేనేనండి. మీరు జానమ్మగారు కదూ? మా మనవరాలు మీ వీడియో చూపించింది. ఎండనపడి వచ్చారు, ఇలా నీడకు రండి. ముందు ఒకటి తినండి, తర్వాత మాట్లాడుకుందాం."

"తినేటందుకు రాలే. అడిగిపోనీకి వచ్చిన."

వరసలో ఉన్నవాళ్ళు ఇటు తిరిగారు. రూప తల్లి చేయి పట్టుకుంది. జానమ్మ విదిలించుకుంది.

"నీకు గొర్లున్నయా?"

"లేవమ్మా."

"నీ పుట్టింటోళ్ళకున్నయా?"

"మావాళ్ళు కూలికెళ్ళేవాళ్ళు. మా ఆయన బేకరీలో చేసేవాడు."

"మరి మంద బర్గర్ అని ఎట్ల రాసుకున్నవ్? గొర్రె మొఖం తెల్వనోళ్ళకు మంద అన్న మాట యాడికెల్లి వచ్చింది? నా పెనిమిటి నలభై ఏండ్లు మంద కాసిండు. గాయన నోట్లె పండ్లూడితే, మాంసం నమలరాక చెయ్యి కడుక్కొని లేస్తుంటే సూడలేక నేను సన్నగ కొట్టి కాల్సిపెట్టిన. గట్ల పుట్టింది గిది. గాయన మంద పేరు పెట్టుకున్న. నువ్వెవరి పేరు పెట్టుకున్నవ్?"

ఈ కథ జానమ్మ యూట్యూబు వాళ్ళకు చెప్పింది, పేపరు వాళ్ళకు చెప్పింది, శ్యాంసుందర్‌కు చెప్పింది. చెప్పిన ప్రతిసారీ వినేవాళ్ళ కళ్ళు చెమ్మగిల్లాయి. సువార్తమ్మ కళ్ళు చెమ్మగిల్లలేదు. ఆమె పెనం కింద మంట తగ్గించి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"మీ ఆయన మంద పేరే పెట్టుకున్నా," అంది.

జానమ్మ చేతిలో సంచి జారి కింద పడింది. రూప వంగి తీసింది.

"తప్పుగా అనుకోకండి. కొమురయ్య నన్ను అక్కా అనేవాడు. పదమూడేళ్ళ కిందట, కోతలయ్యాక, మా ఇంటి వెనక పొలాల్లో మీవాళ్ళు మంద పెట్టారు. మీకు తెలియంది కాదు కదా, రాత్రిళ్ళు గొర్రెలు పొలంలో పడుకుంటే ఎరువు రైతుకి, వడ్లు కాపరులకి. నలుగురు మగవాళ్ళు, వండిపెట్టే ఆడమనిషి లేదు. నేను అన్నం వండి ఇచ్చేదాన్ని. ఒకరోజు బైపాస్ మీద లారీ తగిలి ముసలి గొర్రె చచ్చిపోయింది. పారేస్తారా మరి? కోశారు. ఎంత ఉడికించినా ఉడకదే. మిగతావాళ్ళు ఎలాగో తిన్నారు. కొమురయ్య ముక్క నోట్లో పెట్టుకోవడం, తియ్యడం. అన్నం ముందు కూర్చుని ఏడుపు మొహం పెట్టాడు."

సువార్తమ్మ పెనం మీది బిళ్ళను తిరగేసింది.

"నాకు చూడబుద్ధి కాలేదు. ముక్కలన్నీ మొద్దు మీద వేసి, ముద్దయ్యేదాకా కొట్టాను. పుట్నాల పొడి, పచ్చిమిరపకాయ కలిపాను. ఆ పూట అన్నం అయిపోయింది. మా ఆయన బేకరీ నుంచి మిగిలిన బన్నులు తెచ్చాడు. అందులో పెట్టి ఇచ్చాను. రెండు తిన్నాడు. మూడోది సగం తిని, మిగతా సగం అట్టే చూస్తూ కూర్చున్నాడు. ఏం తమ్ముడూ అంటే, మా ఇంటామెకు గిది సూపియ్యాలె అక్కా అన్నాడు. మంద ఉన్న పది రోజులూ నా పక్కన కూర్చుని చూశాడు. ఉల్లిపాయ ముందా, బిళ్ళ ముందా అని అడిగేవాడు. వేలితో గుంట ఎందుకు నొక్కుతున్నావని అడిగాడు. మా అమ్మ గారెకు పెట్టేది, అలవాటు అన్నాను."

జానమ్మ మొద్దు అంచు పట్టుకుంది.

ఆ ఏడాది కొమురయ్య మంద నుంచి వచ్చిన రోజు ఆమెకు కళ్ళకు కట్టినట్టు గుర్తొచ్చింది. కాళ్ళు కూడా కడుక్కోకుండా బన్నుల పొట్లం చేతికిచ్చాడు. కైమా కొట్టమన్నాడు. ఇంకా సన్నగ అన్నాడు. ఉల్లిగడ్డ కిందేయి అన్నాడు. నడుమల వేలితోని నొక్కు అన్నాడు. యాడ సూసినవయ్యా అని ఆమె నవ్వుతూ అడిగింది. మందల అన్నాడు. అంతే, ఆమె నోరు మూసుకుంది.

నోరు మూసుకోవడానికి కారణం ఉంది. వాళ్ళ ఇంట్లో తాతల నాటి నుంచి ఒక కట్టుబాటు. మంద తోలుకుపోయిన చోట గొర్రె చస్తే ఆ సంగతి ఇంటి గడప లోపల మాట్లాడకూడదు. మాట్లాడితే మిగిలిన మందకు కీడు. మగవాళ్ళు చెప్పరు, ఆడవాళ్ళు అడగరు. మందల అని ఒక్క ముక్క అని మగవాడు ఆగిపోయాడంటే అక్కడ ఏదో పోయిందని అర్థం. ఇంక అటువైపు తొంగిచూడకూడదు. కొమురయ్య ఆ గొర్రె చావు చెప్పకూడదు కనుక, ఆ గొర్రెతో వండిపెట్టిన ఆడమనిషి సంగతీ చెప్పలేదు. పదకొండేళ్ళు ఆ చేతి తిండి తిని, చెప్పకుండానే రెండేళ్ళ కిందట పోయాడు. అతను మోసం చేయలేదు. మందకు కీడు రాకూడదని నోరు కట్టేసుకున్నాడు, అంతే.

అడగకపోవడం ఆమె తప్పు కాదు. కానీ అడగని చోట తన పేరు రాసుకోవడం ఎవరి తప్పు? మొదట్లో మా ఆయన చెప్పిండు, నేను చేసిన అనేది. తర్వాత మేం చేసినం అంది. బండి ముందు వరస పెరిగాక నేనే చేసిన అంది. ఏ రోజున ఆ మాట మారిందో ఆమెకు కూడా గుర్తు లేదు.

"గీ సంగతి కంపెనోళ్ళకు సెప్పినవా?" అని అడిగింది.

"నిన్న వచ్చారు. నా మాట నేను చెప్పాను. మీ మాట మీరు చెప్పండి," అని సువార్తమ్మ మళ్ళీ మంట పెంచింది. "ఇప్పుడైనా కూర్చోండమ్మా. మొహం అంతా ఎలా అయిపోయిందో చూడండి."

జానమ్మ కూర్చోలేదు. తన మాట సువార్తమ్మ నిన్ననే చెప్పేసింది. ఈ కథ, ఈ ముసలి గొర్రె, ఈ బన్నులు, అన్నీ శ్యాంసుందర్ చెవిన పడ్డాయి. ఇంకేముంది, కౌంటరు ఈమెదే. గోడ మీద బొమ్మ ఈమెదే. తాను సూర్యాపేట తిరిగి వెళ్ళి ఏ గోడకు ఆనుకుని కూర్చోవాలి? ఈ వయసులో ఎవరింట్లో అంట్లు తోమాలి? ఈమెకు బండి ఉంది. ఈమె ముందు ఎండను కూడా లెక్కచేయకుండా ఇరవై మంది నిలబడ్డారు. ఈమెకు కౌంటరు ఎందుకు? ఇలా అనుకునేసరికి జానమ్మకు కొంచెం ధైర్యం వచ్చింది. అది ధైర్యం కాదని లోపల తెలుస్తూనే ఉంది.

ఒంటి గంటకు ఫోన్ మోగింది.

జానమ్మకు ఎడమ చెవి సరిగా వినపడదు. అందుకని ఎప్పటిలాగే రూప స్పీకరు నొక్కి తల్లి మొహం ముందు పట్టుకుంది. మిర్యాలగూడ నుంచి మాట్లాడుతున్నట్టున్నాడు, వెనక మిల్లు రొద వినిపిస్తోంది.

"అమ్మా, శ్యాంసుందర్‌ను. బిళ్ళలు తయారు చేసే షెడ్డు చూసేటందుకు మిర్యాలగూడ వచ్చిన. ఎక్కువ టైం తీసుకోను. ఒక్క మాట చెప్పండి. దీన్ని మొదలు చేసింది ఎవరు?"

రూప తల్లి కళ్ళలోకి చూసింది. వద్దు అని ఆ పిల్ల పైకి అనలేదు గానీ, మొహం నిండా అదే ఉంది. పెనం అవతల సువార్తమ్మ అట్లకాడ పట్టుకుని నిలబడి ఉంది. ఆమె మొహంలో భయం లేదు. వినడానికి నిలబడ్డ మనిషి నిలబడినట్టే నిలబడింది.

"నేనే సారు," అంది జానమ్మ. "నా పెనిమిటి కోసమని నేనే చేసిన. అండ్ల ఇంకెవల చెయ్యి లేదు."

"పక్కా కదమ్మా?"

"పక్కా."

"అయితే అయిపోయింది. మంచిగైంది. మాకు గిదే పరేషాన్ ఉండె. నిన్న కోదాడామె దగ్గరికి పోయినం. ఆమె తన కథ ఏం చెప్పలే. గట్టిగ అడిగితే ఒక్కటే మాటన్నది. కొమురయ్య మంచోడు, ఆయన ఇంటామె కూడ అబద్ధం చెప్పదు, ఆమె ఏమంటే నాకదే ఖాయం, అదే రాసుకోండి అన్నది. కాయితం మీద సంతకం కూడ పెట్టింది. మీరిప్పుడు చెప్పిండ్రు గద, ఇగ ఆ పేరు, ఆ తీరు మనదే. కోదాడల, మిర్యాలగూడల ఎవ్వరూ అమ్మొద్దు. మావోళ్ళు రేపు పొద్దున పోయి ఆమెకు చెప్తరు. మీరు సోమవారం వచ్చి సంతకం పెట్టుండ్రి."

జానమ్మకు ఆ మాటలు ఒకటొకటిగా అందాయి. నా మాట నేను చెప్పాను అని సువార్తమ్మ అన్నది ఈ మాటే. చచ్చిన గొర్రె గురించి కాదు, బన్నుల గురించి కాదు. ఎన్నడూ చూడని ఒక ఆడమనిషి అబద్ధం చెప్పదని చెప్పింది, అంతే. జానమ్మ అబద్ధం చెప్పకపోయి ఉంటే ఏమయ్యేదో ఇప్పుడెవరికీ తెలియదు. ఇద్దరూ ఒకే కౌంటరులో నిలబడేవాళ్ళో, ఇద్దరికీ లేకుండా పోయేదో. చెప్పిన అబద్ధం వల్ల మాత్రం ఏమైందో ఎదురుగా కనిపిస్తూనే ఉంది. ఆమెకు ఏడవాలనిపించింది. ఏడుపు కూడా రాలేదు.

సువార్తమ్మ స్టవ్ ఆపేసింది. వరసలో ముందున్న కాలేజీ పిల్ల, ఆంటీ నావి రెండు అంది. సువార్తమ్మ వినలేదు. కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. కోపం చేస్తుందేమోనని జానమ్మ ఎదురుచూసింది. తిట్టినా బాగుండేది.

"సరే జానమ్మా," అంది సువార్తమ్మ మెల్లగా. గారూ లేదు, అండీ లేదు. "మరి రేపట్నుంచి నేనేం అమ్ముకోవాలో అది కూడా నువ్వే చెప్పు."

రూప చేతిలో ఫోన్ స్పీకరు మీద ఇంకా వెలుగుతూనే ఉంది. మిల్లు రొద ఆగిపోయింది. అటువైపు మనిషి ఎక్కడో నిశ్శబ్దంగా ఉన్న చోటికి నడిచి వెళ్ళినట్టున్నాడు.

"హలో అమ్మా," అన్నాడు శ్యాంసుందర్. "మీ పక్కన మాట్లాడుతున్నది ఎవరు?"